స్టార్‌ని అమ్మేసి కప్పు కొట్టారు: శాలరీ క్యాప్ లెక్కల్లో టీమ్‌ని మళ్ళీ కట్టడం ఎలా?

ఈరోజు టాపిక్ ఫుట్‌బాల్. మెస్సీ, రొనాల్డో ఆడేది కాదండోయ్. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి ప్యాడ్లు కట్టుకుని, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుంటూ ఆడతారు చూడండి, ఆ అమెరికన్ ఫుట్‌బాల్. లీగ్ పేరు ఎన్‌ఎఫ్‌ఎల్. డల్లాస్‌లోనో కాన్సస్ సిటీలోనో ఉన్న మీ అన్నయ్యో, బావో ఫిబ్రవరి రాగానే సూపర్ బౌల్ పార్టీ ఫోటోలు స్టేటస్‌లో పెడుతుంటారు కదా, అదే.

రూల్స్ తెలీవని కంగారు పడకండి. ఈ ఎపిసోడ్‌లో గ్రౌండ్‌లో జరిగేది తక్కువ, ఆఫీసులో ఎక్సెల్ షీట్ ముందు జరిగేది ఎక్కువ. డబ్బుకి లిమిట్ ఉన్నప్పుడు ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదులుకోవాలి, ఎంత అప్పు చేయొచ్చు? ఈ మూడు ప్రశ్నలే ఇవాళ్టి కథ మొత్తం.

కథ 2022 మార్చిలో మొదలవుతుంది. సూపర్ బౌల్ అయిపోయి నెల దాటింది. దీన్ని ఆఫ్‌సీజన్ అంటారు. మ్యాచ్‌లు ఉండవు గానీ, వచ్చే సీజన్ తలరాత రాసేది ఈ నెలల్లోనే. ఏఎఫ్‌సీ వెస్ట్ అని ఒక డివిజన్ ఉంది. అందులో నాలుగు టీమ్‌లు: కాన్సస్ సిటీ చీఫ్స్, డెన్వర్ బ్రాంకోస్, లాస్ వేగాస్ రైడర్స్, లాస్ ఏంజెలెస్ చార్జర్స్. చీఫ్స్ అప్పటికి వరసగా ఆరేళ్ళుగా ఆ డివిజన్‌లో ఫస్ట్. మిగతా ముగ్గురూ ఇక చాలు అనుకున్నారు.

బ్రాంకోస్ సియాటిల్ నుంచి స్టార్ క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ని తెచ్చారు. చార్జర్స్ ఖలీల్ మ్యాక్ అనే డిఫెన్స్ స్టార్‌ని తెచ్చారు. రైడర్స్ డవాంటే ఆడమ్స్‌ని తెచ్చారు. లీగ్‌లో బెస్ట్ రిసీవర్లలో ఒకడు. ముగ్గురూ పెద్ద షాపింగ్ చేశారు.

మరి చీఫ్స్ ఏం చేశారు? మార్చి 23న వాళ్ళ టీమ్‌లో అందరికంటే వేగంగా పరిగెత్తే స్టార్ రిసీవర్ టైరీక్ హిల్‌ని మయామీ డాల్ఫిన్స్‌కి ఇచ్చేశారు.

ఫ్యాన్స్‌కి మతిపోయింది. పక్కింటివాళ్ళు ముగ్గురూ ఇంటికి కొత్త అంతస్తులు వేస్తుంటే వీళ్ళు ఉన్న గది పడగొట్టినట్టు అనిపించింది. పదకొండు నెలలు తిరక్కముందే చీఫ్స్ సూపర్ బౌల్ గెలిచారు. అదెలాగో చూద్దాం.

ముందు అసలు క్యాప్ అంటే ఏంటి?

మనకి తెలిసిన ఐపీఎల్‌తో మొదలుపెడదాం. 2025 మెగా వేలానికి ప్రతి టీమ్‌కి 120 కోట్ల పర్స్. సన్‌రైజర్స్ హైదరాబాద్ ఐదుగురిని ఉంచుకోవడానికి అందులో 75 కోట్లు పెట్టేసింది. క్లాసెన్ ఒక్కడికే 23 కోట్లు. మిగిలిన 45 కోట్లతో టీమ్ మొత్తం నింపుకోవాలి. ఎన్‌ఎఫ్‌ఎల్ శాలరీ క్యాప్ ఐడియా కూడా ఇదే. 32 టీమ్‌లకీ ఒకటే లిమిట్.

1994లో మొదలుపెట్టినప్పుడు ఆ లిమిట్ 3.46 కోట్ల డాలర్లు. 2022లో 20.82 కోట్ల డాలర్లు. 2025కి 27.92 కోట్ల డాలర్లు. ఇది గాల్లోంచి వచ్చే నంబర్ కాదు. టీవీ హక్కులతో పాటు లీగ్‌కి వచ్చే ఆదాయంలో ఆటగాళ్ళకి దాదాపు సగం వాటా ఇవ్వాలని యూనియన్‌తో ఒప్పందం ఉంది. ఆ లెక్కలోంచే క్యాప్ పుడుతుంది. ఆదాయం పెరిగితే క్యాప్ పెరుగుతుంది. కోవిడ్ టైమ్‌లో స్టేడియాలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి 2020లో 19.82 కోట్లు ఉన్నది 2021లో 18.25 కోట్లకి పడిపోయింది. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఎందుకీ లిమిట్ అంటారా? గ్రీన్ బే అని ఒక ఊరు ఉంది. జనాభా లక్ష చిల్లర. అంటే మన దగ్గర ఒక మున్సిపాలిటీ అంత. ఆ ఊరి టీమ్ న్యూయార్క్ టీమ్‌లతో సమానంగా పోటీ పడుతుంది. పెద్ద ఊరివాడు డబ్బు కుమ్మరించి స్టార్లందర్నీ ఎత్తుకుపోకుండా ఆపేది ఈ క్యాపే.

సీజన్‌లో టీమ్‌కి 53 మంది ఉంటారు. 20.82 కోట్లని 53తో భాగిస్తే తలకి 39 లక్షల డాలర్లు. కానీ ఎవరూ సమానంగా పంచరు. క్వార్టర్‌బ్యాక్ అంటే బాల్ విసిరేవాడు, టీమ్‌కి మెదడు లాంటివాడు. చీఫ్స్‌లో అతను ప్యాట్రిక్ మహోమ్స్. 2020లోనే పదేళ్ళకి 45 కోట్ల డాలర్ల డీల్ ఇచ్చారు. 2022లో క్యాప్ లెక్కలో అతని ఒక్కడి వాటా దాదాపు 3.6 కోట్లు. అంటే వంద రూపాయల్లో 17 రూపాయలు ఒక్కడికే. మిగతా 83 రూపాయలతో 52 మందిని చూసుకోవాలి.

ఐపీఎల్‌లో లేని ఫీచర్: ఈఎంఐ

ఐపీఎల్‌లో పర్స్ అయిపోతే అయిపోయినట్టే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మాత్రం ఈ ఏడాది ఖర్చుని వచ్చే ఏడాది మీదకి తొయ్యొచ్చు. ఇది కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే సగం టీమ్‌లు మునిగేది ఇక్కడే.

ఒక ఆటగాడితో ఐదేళ్ళ కాంట్రాక్ట్ రాసుకుని, సంతకం పెట్టగానే 5 కోట్ల డాలర్ల బోనస్ ఇచ్చారనుకోండి. డబ్బు వాడి చేతికి వెళ్ళిపోయింది. కానీ క్యాప్ లెక్కలో ఏడాదికి కోటి చొప్పున ఐదేళ్ళు రాసుకోవచ్చు. ఫోన్ ఇవాళే చేతికొచ్చింది, ఈఎంఐ మాత్రం నెలనెలా కడుతున్నారు. అచ్చం అలాగే.

ఇంకో ట్రిక్ ఉంది. రీస్ట్రక్చర్ అంటారు. ఒకడికి ఈ ఏడాది జీతం 2 కోట్లు, కాంట్రాక్ట్ ఇంకా నాలుగేళ్ళు ఉంది. టీమ్‌కి ఈ ఏడాది చోటు కావాలి. అప్పుడు ఆ జీతంలో 1.6 కోట్లని బోనస్‌గా మార్చేస్తారు. అది నాలుగేళ్ళ మీద 40 లక్షల చొప్పున పడుతుంది. మిగిలిన జీతం 40 లక్షలు, బోనస్ వాటా 40 లక్షలు, మొత్తం 80 లక్షలే ఈ ఏడాది లెక్కలోకి వస్తుంది. 1.2 కోట్లు మిగిలాయి! ఆటగాడికి కూడా హ్యాపీనే, డబ్బు ముందే వచ్చేసింది కదా.

కానీ ఆ 1.2 కోట్లు ఎక్కడికీ పోలేదు. రాబోయే మూడేళ్ళలో 40 లక్షల చొప్పున కూర్చుని ఉన్నాయి. నా సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌కి ఒక్క ముక్కలో అర్థమయ్యేలా చెప్పాలంటే, ఇది టెక్నికల్ డెట్. రిలీజ్ డేట్ దాటేయడానికి షార్ట్‌కట్ కోడ్ రాస్తాం. పని అవుతుంది. మూడు రిలీజ్‌ల తర్వాత ఆ కోడే మన గొంతు మీద కూర్చుంటుంది.

మరి వచ్చే ఏడాదే ఆ ఆటగాడు సరిగ్గా ఆడక తీసేయాల్సి వస్తే? మిగిలిన ఈఎంఐలన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. కావాలంటే రెండేళ్ళకి పంచుకునే దారి ఒకటుంది, అంతే. దీన్ని డెడ్ మనీ అంటారు. మనిషి మన టీమ్‌లో లేడు, వేరే టీమ్‌కి ఆడుతున్నాడు, కానీ మన పర్స్‌లో చోటు మాత్రం ఇంకా ఆక్రమించే ఉన్నాడు. బండి యాక్సిడెంట్‌లో తుక్కైపోయాక కూడా లోన్ కట్టినట్టు.

కొత్త కుర్రాళ్ళు ఎందుకంత ముఖ్యం?

ఇప్పుడు ఇంకో ముక్క. ఏటా ఏప్రిల్ ఆఖర్లో డ్రాఫ్ట్ ఉంటుంది. కాలేజీ ఆటగాళ్ళని టీమ్‌లు వంతుల వారీగా ఎంచుకుంటాయి. ఏడు రౌండ్లు. కిందటి ఏడాది బాగా ఓడినవాళ్ళకి ముందు వంతు. ఈ వంతులనే పిక్స్ అంటారు, వాటిని టీమ్‌లు ఒకళ్ళకొకళ్ళు ఇచ్చిపుచ్చుకోవచ్చు కూడా.

అసలు మ్యాటర్ ఏంటంటే, 2011 ఒప్పందం తర్వాత డ్రాఫ్ట్‌లో వచ్చినవాళ్ళ జీతాలు దాదాపు ఫిక్స్. ఎన్నో పిక్కో దాన్నిబట్టి నాలుగేళ్ళ కాంట్రాక్ట్. ఆ కుర్రాడు రెండో ఏడాదికే లీగ్‌లో టాప్ ఆటగాడైపోయినా వెంటనే జీతం పెంచమని అడగలేడు. మూడు సీజన్లు అయ్యేదాకా కొత్త కాంట్రాక్ట్ మాటే ఎత్తకూడదు.

మన వైజాగ్ కుర్రాడు నితీష్ కుమార్ రెడ్డి గుర్తున్నాడా? సన్‌రైజర్స్ అతన్ని 20 లక్షలకి తీసుకుంది. 2024 సీజన్‌లో అదరగొట్టాడు. తర్వాత ఉంచుకోవడానికి 6 కోట్లు పెట్టాల్సి వచ్చింది. ఆ 20 లక్షల ఏడాది ఉంది చూశారా, టీమ్‌కి అసలైన లాభం అక్కడుంది. మంచి ఆటగాడు దొరకడం ఒక ఎత్తు, తక్కువ జీతంలో ఉన్నప్పుడు దొరకడం ఇంకో ఎత్తు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలాంటి ఏళ్ళు నాలుగు దొరుకుతాయి. క్యాప్ ఉన్న లీగ్‌లో అందరికంటే విలువైన సరుకు ఆ నాలుగేళ్ళే.

హిల్ లెక్క

ఇప్పుడు చీఫ్స్ ఆఫీసులోకి వెళ్దాం. జనరల్ మేనేజర్ బ్రెట్ వీచ్, కోచ్ ఆండీ రీడ్. హిల్ కాంట్రాక్ట్‌లో ఒక్క ఏడాదే మిగిలింది. కొత్త డీల్ మాట్లాడుతున్నారు. అంతలో రైడర్స్ ఆడమ్స్‌కి ఐదేళ్ళకి 14 కోట్ల డాలర్లు ఇచ్చారు. అంతే, రిసీవర్ల మార్కెట్ రేటు రాత్రికి రాత్రి పెరిగిపోయింది. మన వీధిలో ఒక ఫ్లాట్ కోటికి అమ్ముడైతే పక్క ఫ్లాటతను 80 లక్షలకి ఇస్తాడా?

హిల్ కూడా ఆ స్థాయి డబ్బు అడిగాడు. అందులో తప్పేం లేదు. ఈ ఆటలో ఒక్క గాయంతో కెరీర్ అయిపోవచ్చు, చాలా కాంట్రాక్టుల్లో పూర్తి డబ్బుకి గ్యారంటీ కూడా ఉండదు. వచ్చినప్పుడే తీసుకోవాలి. మయామీ అతనికి నాలుగేళ్ళకి 12 కోట్ల డాలర్లు ఇచ్చింది. ఏడాదికి సగటున 3 కోట్లు.

చీఫ్స్‌కి బదులుగా ఐదు పిక్స్ వచ్చాయి. 2022లో ఫస్ట్ రౌండ్ ఒకటి, సెకండ్ రౌండ్ ఒకటి, ఫోర్త్ రౌండ్ ఒకటి. 2023లో ఇంకో రెండు. పైగా ఆ ఏడాది క్యాప్‌లో దాదాపు 1.8 కోట్ల చోటు మిగిలింది.

ఆ డ్రాఫ్ట్‌లో చీఫ్స్ మొత్తం పదిమందిని ఎంచుకున్నారు. హిల్ వల్ల వచ్చిన పిక్స్‌లో రెండిటిని కలిపి ముందుకి జరిగి, 21వ పిక్‌లో ట్రెంట్ మెక్‌డఫీ అనే కార్నర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. అవతలి రిసీవర్‌ని అడ్డుకోవడం అతని పని. 30వ పిక్ వాళ్ళ సొంతది, దాంతో జార్జ్ కార్లాఫ్టిస్ అనే డిఫెన్స్ ఆటగాడిని తీసుకున్నారు. ఆఖరి రౌండ్‌లో, 251వ పిక్‌లో ఐజాయా పచెకో అనే రన్నర్‌ని పట్టుకున్నారు.

ఇప్పుడు కూడిక చూడండి. నాలుగేళ్ళకి మెక్‌డఫీకి సుమారు 1.4 కోట్లు. కార్లాఫ్టిస్‌కి సుమారు 1.2 కోట్లు. పచెకోకి 40 లక్షల లోపే. ముగ్గురికీ కలిపి, నాలుగేళ్ళకి, దాదాపు 3 కోట్ల డాలర్లు.

హిల్‌కి మయామీ ఒక్క ఏడాదికి ఇచ్చే సగటు ఎంత? 3 కోట్లు.

ముగ్గురు మనుషుల నాలుగేళ్ళు ఒకవైపు, ఒక మనిషి ఒక ఏడాది ఒకవైపు. చీఫ్స్ నిర్ణయం మొత్తం ఈ ఒక్క లైన్‌లో ఉంది.

హిల్ ఖాళీ చేసిన చోట ఇంకో సూపర్‌స్టార్‌ని తేలేదు. జూజూ స్మిత్-షూస్టర్‌ని ఒక్క ఏడాదికి తీసుకున్నారు. మార్కెజ్ వాల్డెస్-స్కాంట్లింగ్‌ని మూడేళ్ళకి తీసుకున్నారు. డ్రాఫ్ట్‌లో స్కై మూర్‌ని తీసుకున్నారు. ట్రావిస్ కెల్సీ ఎలాగూ ఉన్నాడు. ఒకడు చేసే పనిని నలుగురికి పంచారు.

మరి గ్రౌండ్‌లో ఏమైంది?

2022 సీజన్‌లో చీఫ్స్ 17 మ్యాచ్‌ల్లో 14 గెలిచారు. హిల్ లేకుండానే మహోమ్స్ 5,250 గజాలు విసిరి లీగ్‌లో ఫస్ట్ వచ్చాడు, ఎంవీపీ కూడా అతనే. సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో సిన్సినాటిని 23-20తో ఓడించారు. ఆ రోజు అవతలి క్వార్టర్‌బ్యాక్ విసిరిన బాల్‌ని మధ్యలో అందుకున్న ఇద్దరు ఎవరో తెలుసా? జేలెన్ వాట్సన్, జాషువా విలియమ్స్. ఇద్దరూ ఆ ఏడాది డ్రాఫ్ట్ కుర్రాళ్ళే. ఒకడు ఏడో రౌండ్, ఒకడు నాలుగో రౌండ్.

సూపర్ బౌల్‌లో ఫిలడెల్ఫియా ఈగల్స్‌ని 38-35తో గెలిచారు. 251వ పిక్ పచెకో టచ్‌డౌన్ చేశాడు. స్కై మూర్ ఇంకోటి చేశాడు.

ఆ మ్యాచ్‌లో ఇంకో విషయం ఉంది. ఆ సీజన్‌లో ఈగల్స్ డిఫెన్స్ అవతలి క్వార్టర్‌బ్యాక్‌లని 70 సార్లు పడేసింది. ఫైనల్‌లో మహోమ్స్‌ని ఒక్కసారి కూడా పడేయలేకపోయింది. ఎందుకంటే చీఫ్స్ ఆ గోడని ముందు ఏడాదే కట్టుకున్నారు.

2021 ఫిబ్రవరిలో చీఫ్స్ సూపర్ బౌల్‌ని టాంపా చేతిలో 31-9తో ఓడిపోయారు. మహోమ్స్‌ని కాపాడే లైన్‌లో ముఖ్యమైనవాళ్ళు గాయాలతో లేరు, మ్యాచ్ మొత్తం అతను ప్రాణం అరచేతిలో పెట్టుకుని పరిగెత్తాడు. ఆ వెంటనే వచ్చిన ఆఫ్‌సీజన్‌లోనే క్యాప్ 18.25 కోట్లకి పడిపోయింది. గుర్తుపెట్టుకోమన్న నంబర్ అదే. డబ్బు తగ్గిన ఏడాదే పెద్ద రిపేర్ వచ్చి పడింది.

వాళ్ళు ఏం చేశారంటే, గాయాలతో ఉన్న ఇద్దరు సీనియర్లు ఎరిక్ ఫిషర్, మిచెల్ ష్వార్ట్జ్‌లని ఒకేరోజు తీసేశారు. మహోమ్స్ కాంట్రాక్ట్‌ని రీస్ట్రక్చర్ చేసి సుమారు 1.7 కోట్ల చోటు తెచ్చుకున్నారు. దాంతో జో థూనీని ఐదేళ్ళకి 8 కోట్ల డాలర్లకి కొన్నారు. ఓర్లాండో బ్రౌన్‌ని ట్రేడ్‌లో తెచ్చారు. డ్రాఫ్ట్‌లో రెండో రౌండ్‌లో క్రీడ్ హంఫ్రీ, ఆరో రౌండ్‌లో ట్రే స్మిత్ దొరికారు. ఐదుగురి లైన్‌లో నలుగురు కొత్తవాళ్ళు. ఇద్దరు ఖరీదు, ఇద్దరు చవక.

ఇక్కడ గమనించండి, వాళ్ళు కూడా ఈఎంఐ వాడారు. ఈఎంఐ తప్పని నేను చెప్పట్లేదు. ఎవరి మీద పెట్టారన్నదే పాయింట్. మహోమ్స్ వయసు అప్పటికి 25, ఇంకో పదేళ్ళు టీమ్‌లోనే ఉండే మనిషి. అతని మీద పెట్టిన అప్పు డెడ్ మనీ అయ్యే రిస్క్ చాలా తక్కువ.

అటువైపు డెన్వర్‌లో

ఇప్పుడు అదే నెలలో షాపింగ్ చేసినవాళ్ళ సంగతి. రసెల్ విల్సన్ కోసం బ్రాంకోస్ రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్, రెండు సెకండ్ రౌండ్ పిక్స్, ఒక ఫిఫ్త్ రౌండ్ పిక్, ముగ్గురు ఆటగాళ్ళని ఇచ్చారు. అంటే ఇందాక చెప్పుకున్న ఆ విలువైన చవక ఏళ్ళన్నీ ఇచ్చేశారు. సెప్టెంబర్‌లో, అతను డెన్వర్‌కి ఒక్క సీజన్ మ్యాచ్ కూడా ఆడకముందే, ఐదేళ్ళకి 24.5 కోట్ల డాలర్ల కొత్త డీల్ రాసిచ్చారు.

ఆ సీజన్‌లో 5 గెలిచి 12 ఓడారు. కోచ్‌ని సీజన్ పూర్తవకముందే పంపించేశారు. 2024 మార్చిలో విల్సన్‌ని కూడా వదిలేశారు. డెడ్ మనీ 8.5 కోట్ల డాలర్లు. 2024లో 5.3 కోట్లు, 2025లో 3.2 కోట్లుగా పంచుకున్నారు. 2024 క్యాప్ 25.54 కోట్లు. అంటే పర్స్‌లో ఐదో వంతు టీమ్‌లో లేని మనిషికే పోయింది.

ఇక బ్రాంకోస్ పని అయిపోయింది అనుకుంటారు కదా? అదే 2024లో 10 గెలిచి 7 ఓడి, 2015 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కి వెళ్ళారు. ఎలా? డ్రాఫ్ట్‌లో 12వ పిక్‌లో బో నిక్స్ అనే కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నారు. నాలుగేళ్ళకి అతని కాంట్రాక్ట్ మొత్తం 2 కోట్ల లోపే. టీమ్‌లో అందరికంటే ఖరీదైన కుర్చీలో చవకైన మనిషిని కూర్చోబెట్టారు. పాత అప్పు కట్టడానికి డబ్బు అక్కడ మిగిలింది. ఏ మందు లేక మునిగారో ఆ మందుతోనే తేలారు.

రైడర్స్ ఆ 2022లో 6 గెలిచి 11 ఓడారు. చార్జర్స్ 10 గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్ళి, 27-0 లీడ్‌లో ఉండి కూడా జాక్సన్‌విల్ చేతిలో 31-30తో ఓడిపోయారు. చూసినవాళ్ళకి ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

సరే, స్టార్లని కొనకూడదా?

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ కథ విని "స్టార్‌ని అమ్మితే కప్పు వస్తుంది" అనే ఫార్ములా రాసుకోకండి.

మొదటిది, చీఫ్స్ దగ్గర మహోమ్స్ ఉన్నాడు. అతను ఉన్నాడు కాబట్టే మామూలు రిసీవర్లతో నెట్టుకురాగలిగారు. వాళ్ళు అందర్నీ అమ్మలేదు. ఎవరి బదులు ఇంకొకర్ని పెట్టలేమో అతని దగ్గర డబ్బు పెట్టారు, ఎవరి పనిని పంచొచ్చో అతన్ని వదిలారు.

రెండోది, హిల్ మయామీకి వెళ్ళి చెడిపోలేదు. 2022లో 1,710 గజాలు, 2023లో 1,799 గజాలతో లీగ్‌లో ఫస్ట్. అతను ఆ డబ్బుకి తగ్గట్టే ఆడాడు. 2024 జనవరిలో ప్లేఆఫ్స్‌కి కాన్సస్ సిటీకే వచ్చాడు. మైనస్ 20 డిగ్రీల చలి. మయామీకి ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క టచ్‌డౌన్ హిల్ చేసిందే. కానీ మ్యాచ్ 26-7తో చీఫ్స్‌ది. అటువైపు డిఫెన్స్‌లో ఉన్నవాళ్ళలో మెక్‌డఫీ ఒకడు. ఆ సీజన్‌కి అతను ఆల్-ప్రో టీమ్‌లోకి ఎంపికయ్యాడు. నెల తిరక్కుండా చీఫ్స్ ఇంకో సూపర్ బౌల్ కొట్టారు, శాన్ ఫ్రాన్సిస్కో మీద 25-22.

మూడోది, స్టార్లని కొనే దారిలో గెలిచినవాళ్ళూ ఉన్నారు. లాస్ ఏంజెలెస్ రామ్స్ 2017 నుంచి 2023 దాకా ఒక్క ఫస్ట్ రౌండ్ పిక్ కూడా వాడలేదు. ఇచ్చేసి స్టార్లని తెచ్చుకున్నారు. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచారు. తర్వాతి సీజన్‌లో 5 గెలిచి 12 ఓడారు. వాళ్ళని అడిగితే "కప్పు వచ్చింది కదా, ఇంకేం కావాలి" అంటారేమో. అది కూడా ఒక లెక్కే. కాకపోతే బిల్లు వస్తుందని తెలిసి తినాలి.

ఇంకోటి, ఏ టీమ్ లెక్కా శాశ్వతం కాదు. చవక కుర్రాళ్ళు నాలుగేళ్ళకి ఖరీదైన పెద్దోళ్ళవుతారు. మళ్ళీ అదే ప్రశ్న: ఎవర్ని ఉంచాలి, ఎవర్ని వదలాలి? 2025 ఫిబ్రవరిలో వరసగా మూడో కప్పు కోసం వెళ్ళిన చీఫ్స్‌ని అదే ఈగల్స్ 40-22తో ఓడించారు. ఆ రోజు మహోమ్స్ విసిరిన బాల్‌ని అందుకుని టచ్‌డౌన్ దాకా పరిగెత్తింది కూపర్ డిజీన్. అప్పటికి పది నెలల కిందట డ్రాఫ్ట్‌లో వచ్చిన కుర్రాడు. ఆ రోజే 22 ఏళ్ళు నిండాయి. చీఫ్స్ ఏ దారిలో గెలిచారో ఆ దారిలోనే వచ్చి వాళ్ళని ఓడించారు.

ఎక్సెల్ షీట్ అవతల

చివరగా ఒక్క విషయం. ఆఫ్‌సీజన్‌లో టీమ్‌కి 90 మంది దాకా ఉండొచ్చు. ఆగస్టు ఆఖరికి 53 మందే మిగలాలి. అంటే టీమ్‌కి 37 మంది బయటికి. 32 టీమ్‌లు. గుణించండి, వెయ్యికి పైనే. కొందరికి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో చోటు దొరుకుతుంది, చాలా మందికి దొరకదు. కోట్ల డాలర్ల కాంట్రాక్టుల వార్తలే మనకి కనిపిస్తాయి. వీళ్ళ పేర్లు ఎవరి స్టేటస్‌లోనూ ఉండవు.

మధ్యలో నలిగేది ఇంకో బ్యాచ్ కూడా ఉంది. స్టార్లు కాదు, కుర్రాళ్ళూ కాదు. 28, 29 ఏళ్ళు, బాగానే ఆడతారు, జీతం మధ్యస్తంగా ఉంటుంది. క్యాప్ టైట్ అయినప్పుడు ముందు కత్తి పడేది వీళ్ళ మీదే. వాళ్ళ పని కాస్త తక్కువగా అయినా సరే, పదో వంతు జీతానికి చేసే కొత్తోడు దొరుకుతాడు కాబట్టి. ఐటీలో ఉన్నవాళ్ళకి ఈ ముక్క నేను విడమర్చి చెప్పక్కర్లేదు.

సో ఫ్రెండ్స్, ఈసారి ఏ టీమ్ అయినా, ఐపీఎల్ అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ అయినా, పెద్ద స్టార్‌ని కొన్నదని వార్త రాగానే పండగ చేసుకునే ముందు మూడు చూడండి. ఆ డబ్బుతో ఇంకెంతమంది వచ్చేవాళ్ళు? ఖర్చులో ఎంత భాగం ముందు ఏళ్ళ మీద పడింది? ఆ మనిషి అన్నాళ్ళు మన టీమ్‌లో ఉంటాడా? ఈ మూడిటికీ జవాబు దొరికితే మంచి డీల్ ఏదో, హెడ్‌లైన్ కోసం చేసిందేదో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ వంతు. బ్రెట్ వీచ్ కుర్చీలో మీరుంటే 2022 మార్చి 23న హిల్‌ని ఉంచుకునేవాళ్ళా, పంపించేవాళ్ళా? జరిగింది తెలిశాక చెప్పడం తేలికే. ఆ రోజుకి తెలిసినదాంతో మాత్రమే చెప్పండి. కామెంట్స్‌లో రాయండి, నేను చదువుతా.